నల్లరేగడి మీద ఇల్లు: డల్లాస్ ప్రాంతంలో పునాదుల మరమ్మతు

టెక్సాస్‌లో డల్లాస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా పరుచుకున్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మైదానపు నేల, కర్నూలు, ఆదిలాబాద్ పత్తి రైతులు తరతరాలుగా ఎరిగిన నల్లరేగడి జాతిదే. నేలల శాస్త్రం ఈ రెంటినీ వర్టిసోల్ అనే ఒకే తరగతిలో చేర్చింది. ఈ మట్టిలో మెండుగా ఉండే స్మెక్టైట్ అనే ఖనిజం పలుచని పొరల కూర్పు కావడంతో, పొరల మధ్యకు నీరు చేరినప్పుడు నేల ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణాల్లో ఇళ్ల పునాదులు పాడవడానికి ప్రధాన కారణం ఈ కదలికే.

అక్కడి కొత్త ఇళ్లలో అధికభాగానికి నేల మీద నేరుగా పోసిన కాంక్రీటు స్లాబే పునాది. కాంక్రీటు గట్టిపడ్డాక అందులోని ఉక్కు కేబుళ్లను లాగి బిగించే ఈ పద్ధతిని పోస్ట్ టెన్షన్ అంటారు. అది స్లాబును వంగకుండా కొంతవరకు కాపాడగలదు గాని, కింది మట్టిని కదలకుండా ఆపలేదు. వేసవిలో ఇంటి అంచుల కింద నేల ఆరి దిగిపోతే మూలలు కుంగుతాయి, స్లాబు కింద నీటి పైపు కారితే నడిమి భాగం పైకి లేస్తుంది. ఇటుక గోడ మీద మెట్లమెట్లుగా పాకే పగులు, చట్రంలో పట్టేసే తలుపు రెండు సందర్భాల్లోనూ కనిపించవచ్చు కాబట్టి, పగులును మాత్రమే చూసి చికిత్స నిర్ణయించడం ప్రమాదకరం.

కుంగిన మూలను ఎత్తడానికి సాధారణంగా పునాది అంచున గొయ్యి తవ్వి, సుమారు 6 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల ఎత్తు గల కాంక్రీటు దిమ్మెలను ఒకదానిపై ఒకటి పేర్చుతూ, ఇంటి బరువునే ఆధారంగా చేసుకొని హైడ్రాలిక్ జాకీతో, ఇక దిగనని మొరాయించేవరకు భూమిలోకి నొక్కుతారు. పియర్లు అనే ఈ దిమ్మెల స్తంభాలు కుంగుబాటును ఆపుతాయి గాని ఉబ్బును ఆపలేవు. పైపు కారడం వల్ల నడిమి భాగం లేచిన ఇంటికి అంచున పియర్లు వేయడం డబ్బు వృథా. స్లాబును ఎత్తేటప్పుడు కింది పైపులు విరగవచ్చు కనుక, మురుగు పైపులను నీటితో నింపి మట్టం తగ్గుతుందో లేదో చూసే పరీక్షను పనికి ముందూ తర్వాతా చేయించాలి.

అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం టెక్సాస్ శాఖ మార్గదర్శకాలు స్లాబు వంపును కొలవడానికి పొడవులో 360వ వంతును, అంటే 30 అడుగులకు 1 అంగుళాన్ని, ప్రమాణంగా తీసుకుంటాయి. ఆ కొలతను స్వతంత్ర ఇంజనీరు చేతనే తీయించాలి. ఎందుకంటే టెక్సాస్‌లో పునాది మరమ్మతు కాంట్రాక్టర్లకు రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు, ఉచితంగా అంచనా వేసే సంస్థకు పియర్లు అమ్ముడుపోవడమే ఆదాయం.

అన్నిటికన్నా చవకైన రక్షణ నేలలో తేమను ఏడాది పొడవునా సమంగా ఉంచడమే. గోడకు సుమారు అడుగున్నర దూరంలో, సన్నగా నీరు ఊరే సోకర్ గొట్టాన్ని అమర్చాలి. వాననీరు ఇంటి నుంచి దూరంగా పోయేలా మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలు ఉంచాలి. పెద్ద చెట్లను గోడకు దగ్గరగా నాటకూడదు. పగులు కనిపించిన ఇంటివారు ఇంజనీరు నివేదిక, పైపుల పరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా ఏ మరమ్మతు ఒప్పందం మీదా సంతకం చేయవద్దని మనవి.