సంకెలలనుండి హక్కులకు

వ్యాధి దేహమునకు వచ్చినపుడు బంధువులు రోగిని వైద్యునియొద్దకు గొనిపోవుదురు. మనస్సునకు వచ్చినపుడో, చిరకాలము లోకము రోగిని గదిలో బంధించెను. లేదా చెఱసాలవంటి శాలకు పంపెను. తన కష్టమును తాను చెప్పుకొనలేనివానికి, చెప్పినను వినువారు లేనివానికి చట్టమే రక్ష కావలెను. అట్టి చట్టము మన దేశమున ఏర్పడుటకు శతాబ్దమునకు పైగా పట్టినది.

1912వ సంవత్సరమున ఆంగ్ల ప్రభుత్వము చేసిన ఉన్మాద శాసనము రోగి మేలుకంటె ఊరివారి క్షేమమునే యెక్కువగా చింతించినది. ఉన్మత్తుడై తిరుగుచున్నాడని తోచినవానిని పోలీసువారు పట్టుకొనవచ్చును. మేజిస్ట్రేటు ఉత్తరువు నీయగా అతడు ఆసుపత్రికి చేరును. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను ఈ శాసనమే నాలుగు దశాబ్దములకు పైగా నడచెను. 1987లో నూతన చట్టము వెలువడి, 1993లో అమలునకు వచ్చెను. మానసిక రోగుల నుంచుకొను శాలకు లైసెన్సు కావలెననియు, రోగిని క్రూరముగా చూడరాదనియు అది విధించెను. కాని కాగితముమీది మాట వేఱు, కార్యము వేఱు.

తమిళనాట రామనాథపురము జిల్లాలో ఏర్వాడి యను గ్రామము గలదు. అచటి దర్గాలోని పవిత్రజలము, దీపపు తైలము మనోవ్యాధిని మాన్పునని నమ్మి జనులు దూరప్రాంతములనుండి రోగులను తెచ్చెడివారు. దర్గా చుట్టును ప్రైవేటు శాలలు వెలసినవి. రోగులు పాఱిపోకుండుటకై వారిని గొలుసులతో కట్టియుంచెడివారు. 2001 ఆగస్టు 6వ తేదీ వేకువను అట్టి యొక పూరిపాకకు నిప్పంటుకొనెను. కట్టుబడియున్నవారికి తప్పించుకొను వీలు లేకపోయెను. 28 మంది మరణించిరి. ఆ కుటుంబముల నమ్మకమును నిందించుట తేలికయే. మనోవ్యాధికి వైద్యము చేయువాడు పల్లెలకు ఎంత దూరమో కూడ తలపవలెను గదా!

సుప్రీంకోర్టు ఈ దుర్ఘటనను తనంత తానుగా విచారణకు గైకొనెను. ఏర్వాడిలోని అట్టి శాలలు మూయబడినవి. 500 మందికి పైగా రోగులు ప్రభుత్వ సంరక్షణకు వచ్చిరి.

2007లో భారతదేశము వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించెను. దాని కనుగుణముగా 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చేయబడి, మరుసటి యేట అమలయ్యెను. రోగిని ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని దాని 95వ సెక్షను నిషేధించినది. అంతకంటె లోతైన మార్పు మఱొకటి గలదు. జబ్బు ముదిరినచో తనకెట్టి చికిత్స కావలెనో, ఏది వలదో మనుజుడు ముందుగనే వ్రాసి యుంచవచ్చును. తన పక్షమున మాటలాడుటకు నమ్మినవారి నొకరిని నియమించుకొనవచ్చును. అత్యవసర సమయమున దప్ప, ఆ వ్రాతను కాదనదలచినవాడు వైద్యుడైనను, బంధువైనను సమీక్షామండలికి విన్నవించుకొనవలసినదే.