జుక్కల్‌లో ప్రశ్న, డిచ్‌పల్లిలో ఫైలు

కామారెడ్డి జిల్లాకు పడమటి కొస జుక్కల్. పొలిమేర దాటితే ఒకవైపు మహారాష్ట్రలోని దెగ్లూర్ తాలూకా, ఇంకోవైపు కర్ణాటకలోని ఔరాద్ తాలూకా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఇది నిజామాబాద్‌లో ఉండేది. నేల నల్లరేగడి. వానకాలం సోయా, పత్తి, కంది, పెసర, మినుము వేస్తారు. యాసంగిలో శనగ, జొన్న. అంగడిలో బేరం తెలుగులో మొదలై మరాఠీలో తెగుతుంది. నడుమ కన్నడం దొర్లుతుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి, సంతలో మూడోది మాట్లాడే పిల్లలు ఇక్కడ వింత కాదు.

మండలంలోనే కౌలాస్ ఉంది. గుట్ట మీద కోట, కింద మంజీరలో కలిసే కౌలాస్ నాలా, దాని మీద ప్రాజెక్టు. 1857 తిరుగుబాటు కాలంలో నిజాం రాజ్యంలో బయటపడ్డ కుట్రలో కౌలాస్ రాజా దీప్‌సింగ్ పేరు వినిపించింది. పొలాల్లో కనిపించే దేవణి జాతి పశువులు ఈ మూడు రాష్ట్రాల కూడలికి చెందిన సొత్తు. మచ్చలున్న తెల్లటి ఒళ్లు, వేలాడే పెద్ద చెవులు, బరువు లాగడానికీ పాడికీ పనికొచ్చే జాతి.

భాషాశాస్త్రం, చరిత్ర, పశువైద్యం, వ్యవసాయ ఆర్థికం, ఏ విభాగం వాళ్లు వచ్చినా ఇక్కడ ఒక జీవితకాలానికి సరిపడా పని దొరుకుతుంది. ఆ పని జరగాలంటే ముందు ఒక ప్రొఫెసర్ దరఖాస్తు రాయాలి, దానికి డబ్బు మంజూరు కావాలి, అనుమతులు రావాలి, ఖర్చుకు లెక్క చెప్పాలి. ఈ నాలుగు మెట్లనూ ఒంటరిగా ఎక్కమంటే తరగతులు చెప్పుకునే మనిషి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. జుక్కల్ లాంటి ఊరు పరిశోధనకు నోచుకోకపోవడానికి పెద్ద కారణం విశ్వవిద్యాలయంలో ఈ కాగితాల బరువు మోసే కార్యాలయం బలంగా లేకపోవడమేనని నా నమ్మకం.

నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలకు పెద్ద దిక్కు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం. ప్రధాన ప్రాంగణం డిచ్‌పల్లిలో, దక్షిణ ప్రాంగణం భిక్కనూరులో ఉన్నాయి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ పరిశోధన, అభివృద్ధి సెల్ ఉండాలని యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. నిధుల ప్రకటనలు ఎప్పుడు వస్తాయో చూసి అధ్యాపకులకు చెప్పడం, బడ్జెట్ వేయించడం, నైతిక కమిటీల ముందుకు ఫైలు నడిపించడం, ఒప్పందాలు చదివి పెట్టడం ఆ సెల్ పని. కాగితం మీద సెల్ పెట్టడం తేలికే. దానికి ఒక అకౌంట్స్ ఉద్యోగిని, చట్టం తెలిసిన ఒక మనిషిని, కదలని కుర్చీలను ఇవ్వడం అంత తేలిక కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జుక్కల్ పిల్లల మూడు భాషల మీద పరిశోధన అనుకోండి. సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే ఐసీఎస్ఎస్ఆర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. మైనర్ల గొంతు రికార్డు చేయాలి కాబట్టి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. ఆ సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంటే పనికిరాదు. ఒక్క తెలుగులో ఉన్నా పూర్తిగా పనికిరాదు, ఎందుకంటే ఒక గడపలో అమ్మ మరాఠీ చదువుతుంది, పక్క గడపలో నాయనమ్మ ఏదీ చదవదు. మూడు భాషల్లో రాయాలి, చదివి వినిపించాలి, సాక్షి సంతకం పెట్టించాలి. "గీ కాయితం మీద ఏలిముద్ర ఎందుకు సారూ, లోనేమన్న వస్తదా?" అని ఎవరైనా అడిగితే, రాదని, వద్దంటే మానుకోవచ్చని ఓపికగా చెప్పాలి. రికార్డులు ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్లు ఉంచుతారు, ఎవరు వినొచ్చు అన్నది కూడా ఆ పత్రంలోనే ఉండాలి. దీన్ని పరిశీలించే నైతిక కమిటీలో బయటి సభ్యులు, ఒక న్యాయం తెలిసినవారు, ఒక మామూలు పౌరుడు ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతాయి.

ఇదంతా అడ్డంకి అనేవాళ్లకు ఖమ్మం గుర్తుచేయాలి. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ఒక ప్రదర్శన అధ్యయనం జరిగింది. అమెరికా సంస్థ పాథ్, ఐసీఎంఆర్ కలిసి నడిపించాయి. హాస్టళ్లలో ఉన్న పిల్లలకు చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాకు సంబంధం లేదని విచారణ సంఘం చెప్పినా, సమ్మతి తీసుకున్న తీరును తప్పుపట్టింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రమైన నివేదిక ఇచ్చింది. అడవి పల్లెలో ఒక అమ్మను అడగాల్సిన మాట అడగలేదు. ఆ లోటుకు ఏ శాస్త్రమూ సర్దిచెప్పుకోలేదు. నిబంధన ఒక పిల్ల తరఫున నిలబడటానికి పుట్టింది. దాన్ని మొక్కుబడిగా చూసే విశ్వవిద్యాలయం ఆ పిల్లకు అన్యాయం చేస్తుంది.

దేవణి పశువుల మీద పనికి దారి వేరు. రక్తనమూనా తీయాలంటే సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి ఉండాలి. జన్యుపదార్థం విదేశీ భాగస్వామికి ఇవ్వాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి తప్పదు. బీదర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, నాందేడ్‌లో స్వామి రామానంద తీర్థ విశ్వవిద్యాలయం ఉంది. మూడు రాష్ట్రాల పశువు కాబట్టి మూడూ కలిస్తేనే పని నిలబడుతుంది. రెండు సంస్థలు కలిస్తే ఒప్పంద పత్రం కావాలి, ఫలితం ఎవరిదో ముందే రాసుకోవాలి. కౌలాస్ కోట చుట్టూ తవ్వకం జరపాలంటే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ లైసెన్సు ఉండాలి.

ఇక డబ్బు. కేంద్ర నిధి వచ్చిన నాటి నుంచి ఆర్థిక సంవత్సరం తరుముతూనే ఉంటుంది. ఖర్చుకు ఫారం 12-ఎ లో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. అది పోకపోతే తర్వాతి వాయిదా రాదు. మిగిలిన డబ్బు మీద వడ్డీ వస్తే ఖజానాకు కట్టాలి. కొనుగోళ్లు ప్రభుత్వ జెమ్ పోర్టల్‌లోనే చేయాలన్న నియమం పరిశోధకులను బాగా ఇబ్బంది పెట్టింది. శాస్త్ర పరిశోధన సంస్థలకు కేంద్రం 2025 జూన్‌లో దాన్ని సడలించింది, కొటేషన్లు లేకుండా కొనే హద్దును లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది. అంతకు ముందు 2024లో పరిశోధన గ్రాంట్ల మీద జీఎస్టీ కట్టమని కొన్ని సంస్థలకు నోటీసులు వెళ్లాయి. ఆ సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ మినహాయింపుకు సిఫార్సు చేశాకే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు అధ్యాపకుడికి వాట్సాప్‌లో తెలియడం సరికాదు. రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సర్క్యులర్‌గా రావాలి.

రైతు క్యాలెండర్‌కూ ఖజానా క్యాలెండర్‌కూ పొంతన లేదు. జుక్కల్‌లో మిరుగు కార్తెకు విత్తనం పడుతుంది, దసరా నాటికి సోయా కోతకు వస్తుంది. మంజూరు లేఖ జులైలో వచ్చి, సహాయకుడి పోస్టుకు ప్రకటన వేసి, ఎంపిక కమిటీ కూర్చుని, నియామకం అయ్యేసరికి కోతలు అయిపోతాయి. పరిశీలించాల్సిన పంట పొలంలో ఉండదు. ఒక కారు పోతే ఏడాది పోయినట్టే, మార్చి 31 మాత్రం ఆగదు. ముందుగా కొంత సొమ్ము విశ్వవిద్యాలయం సొంత నిధి నుంచి సర్ది, డబ్బు వచ్చాక జమ చేసుకునే ఏర్పాటు చాలా దేశాల్లో ఉంది. గ్రాంటుతో వచ్చే ఓవర్‌హెడ్ సొమ్మును జీతాల ఖాతాలో కలిపేయకుండా దీనికే అట్టిపెడితే మన దగ్గరా సాధ్యమే.

అన్నిటికన్నా బాధాకరమైనది మనుషుల కొరత. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022లో శాసనసభ దాటి రాజ్‌భవన్ దగ్గర ఆగింది. పాఠాలు నడుస్తున్నది చాలావరకు కాంట్రాక్టు అధ్యాపకుల మీద. కేంద్ర శాస్త్ర సంస్థల ప్రధాన గ్రాంట్లకు దరఖాస్తు పెట్టాలంటే శాశ్వత ఉద్యోగం ఉండాలన్నది నియమం. పదిహేనేళ్లు పాఠం చెప్పిన మనిషికి తన పేరుతో ప్రాజెక్టు అడిగే అర్హత లేదు. జుక్కల్ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆ వరసలోనే ఉండొచ్చు.

2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ అయిదేళ్లలో 50,000 కోట్లు అనుకుంది, అందులో 36,000 కోట్లు ప్రైవేటు వైపు నుంచి రావాలని అంచనా. దాని పెయిర్ పథకం పెద్ద సంస్థను హబ్‌గా పెట్టి రాష్ట్ర విశ్వవిద్యాలయాలను దానికి జతచేస్తుంది. ఎంపికైన హబ్‌లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి పొత్తులో ఫైలు నడిపే పద్ధతి నేర్చుకోవడం పరికరాలు పంచుకోవడమంత విలువైనది.

జుక్కల్, మద్నూర్, బిచ్కుందల నుంచి డిగ్రీ, పీజీకి వచ్చే పిల్లల్లో మూడు భాషలూ తెలిసినవాళ్లు ఉన్నారు. జాతీయ అర్హత ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ కింద నెలకు 37,000 వస్తుంది, మిగతావాళ్లను క్షేత్ర సహాయకులుగా తీసుకోవచ్చు. ఆ పోస్టుల ప్రకటన ఏప్రిల్‌లో వెలువడేలా డిచ్‌పల్లిలో ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని తిరిగితే, మిరుగు రాకముందే వాళ్లు సమ్మతి పత్రాలతో ఊళ్లలో ఉంటారు.