సాకే: బియ్యపు గింజ నుండి పుట్టిన జపాను పానీయం

తాటికల్లు ఎట్లా పులుస్తుందో మన పల్లెవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. చెట్టు నుండి దిగిన నీరాలో చక్కెర ముందే ఉంటుంది. ఈస్టు దానిని మద్యంగా మారుస్తుంది. కాని బియ్యంలో ఉన్నది పిండిపదార్థం. ఈస్టు దానిని నేరుగా జీర్ణించుకోలేదు. మరి జపానీయులు బియ్యం నుండి ‘సాకే’ను ఎట్లా తయారు చేస్తున్నారు?

సమాధానం ‘కోజి’ అనే బూజులో ఉంది. అన్నం మెతుకులను కొంతసేపు నమిలితే తీపి తగులుతుంది. లాలాజలం పిండిని చక్కెరగా మార్చడమే అందుకు కారణం. కోజి చేసే పనీ అదే. ఆవిరిపై ఉడికించిన బియ్యంపై ఈ బూజు బీజాలను చల్లి, వెచ్చని గదిలో సుమారు రెండు దినాలు పెంచుతారు. పిదప కోజిని, ఉడికిన బియ్యాన్ని, నీటిని ఈస్టుతో పులియబెట్టిన మూలద్రవానికి మూడు విడతలుగా చేరుస్తారు. ఒకే తొట్టిలో పిండి చక్కెరగాను, చక్కెర మద్యంగాను ఏకకాలంలో మారుతూ ఉండటం ఇందులోని విశేషం. మూడు నాలుగు వారాల తరువాత పిండి వడకడతారు. ఒడిశా ఆదివాసీలు ‘రాను’ బిళ్ళలతో చేసే హండియాకూ మూలసూత్రం ఇటువంటిదే.

సాకే సారా వలె బట్టీపై కాచి దించినది కాదు. అయినను తేలికైనదని భ్రమపడరాదు. బీరులో మద్యసారం సాధారణంగా 5 శాతం కాగా, ఇందులో 15 శాతం వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉంటుంది.

బియ్యపు గింజ వెలుపలి పొరలలోని మాంసకృత్తులు, కొవ్వు సాకే రుచిని మొరటు చేస్తాయి. అందువలన వాటిని అరగదీస్తారు. గింజలో 60 శాతమో అంతకు తక్కువో మిగిలితే ‘గింజో’, 50 శాతానికి మించకుంటే ‘దైగింజో’. ఈ పేరుకు మన ‘గింజ’తో సంబంధం లేదు. మద్యసారం విడిగా కలపనిది ‘జున్‌మై’. సాకేను చల్లగానూ, గోరువెచ్చగానూ సేవిస్తారు. తన పాత్రను తాను నింపుకొనక, ఒకరికొకరు వంచుకోవడం అక్కడి మర్యాద.

ఈ పనికి చలికాలం అనువైనది. మంచు ప్రాంతాల రైతులు కోతలు ముగిశాక కుటుంబాలను విడిచి, సాకే తయారీ కేంద్రాలకు వలస వెళ్ళేవారు. వారి పెద్ద మేస్త్రీయే ‘తోజి’. ఆ కూలితోనే ఎన్నో ఇళ్ళు చలికాలం గడిపేవి. 1970 దశకం తొలినాళ్ళలో శిఖరాన్ని అందుకున్న సాకే వాడకం నేడు జపానులో అందులో నాలుగవ వంతుకు పడిపోయింది. ఎన్నో కేంద్రాలు మూతపడ్డాయి. తోజిలు వృద్ధులవుతున్నారు. 2024 డిసెంబరులో యునెస్కో ఈ విద్యను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే చేతిపని జాబితాలో నిలవదు. నేర్చుకునే మరొక చేయి దొరికితేనే నిలుస్తుంది.

పాఠకులు దీనిని తెలుసుకొనదగిన విద్యగా గ్రహించాలే గాని, తాగుడుకు ప్రోత్సాహంగా కాదు. జపానులోనూ 20 ఏళ్ళు నిండనివారికి మద్యం నిషిద్ధం.