పేరు దాచిన బెదిరింపు ఎవరిది?

పూర్వం సంతకం లేని ఉత్తరం వస్తే మన పెద్దలు ముందుగా తపాలా ముద్ర చూసేవారు: కాకినాడదా, రాజమండ్రిదా అని. ఈమెయిలుకూ అలాంటి ముద్రలు లోపల దాగి ఉంటాయి. పైన కనబడే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు గనుక, దాన్ని నమ్మి తోడికోడలినో పక్కింటి కుర్రవాణ్ణో నిందించడం అన్యాయమని మేమంటాము.

2017 ఏప్రిల్‌లో ముంబయి పోలీసులకు ఒక స్త్రీ రాసినట్టు ఈమెయిలు వచ్చింది, విమానాల హైజాక్‌కు కుట్ర జరుగుతోందని. ముంబయి, చెన్నై, హైదరాబాదు విమానాశ్రయాల్లో కాపలా పెంచారు. ఇంటర్నెట్ కనెక్షనుకుండే ఐ.పి. అడ్రసు పట్టుకొని వెదికితే దారి హైదరాబాదులోని ఒక ఇంటర్నెట్ సెంటరుకు చేరింది. రాసినది స్త్రీ కాదు, ఒక ట్రావెల్ ఏజెంటు! స్నేహితురాలిని విహారయాత్రకు తీసుకెళ్లే డబ్బు లేక, ప్రయాణం తప్పించుకోవడానికి రాశాడని పోలీసులు చెప్పారు.

జీమెయిల్ వంటివి పంపినవారి ఐ.పి. అడ్రసు మనకు చూపవు. కంపెనీని పోలీసులే అడగాలి. కొంతకాలానికి ఆ వివరాలు చెరిగిపోతాయి గనుక ఆలస్యం పనికిరాదు. భయపడి ఈమెయిలును చెరిపేయకండి, జవాబివ్వకండి. మరొకరికి ఫార్వర్డ్ చేస్తే పాత ముద్రలు దానితో వెళ్లవు. అసలుది ఉంచుకొని పోలీసు స్టేషనులో చూపండి. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షను ప్రకారం, పేరు దాచి బెదిరించినవారికి మామూలు శిక్షపైన మరి రెండేళ్ల వరకు జైలు పడవచ్చు.