మొదటి దెబ్బ దేని మీద?

పులిజూదం ఆడిన పెద్దలకు ఒక సంగతి తెలుసు. మేకలు పులిని చంపలేవు. దారులు మూసి కదలకుండా చేస్తాయి, ఆట గెలుస్తాయి. అసలు సైన్యాల ఆలోచనా ఇలాగే సాగుతుందని ఏడో తరగతి పిల్లలకు చూపించాలని, మా బడిలో శనివారం చివరి పీరియడ్‌లో ఒక యుద్ధక్రీడ మొదలుపెట్టాం.

నేల మీద సుద్దతో గళ్లు గీశాం. చింతగింజలు సైనికులు, అగ్గిపెట్టెలు ట్యాంకులు, రబ్బరు ముక్క ఇంధనం లారీ. పాచికలో ఆరు పడితేనే ట్యాంకు పోతుంది. లారీకి నాలుగు పడినా చాలు. లారీ పోయిన రెండు వంతుల తర్వాత ఆ జట్టు ట్యాంకులు కదలవు. ఇవన్నీ ముందే చెప్పాం. అయినా మొదటి వారం రెండు జట్లూ కంటికి పెద్దగా కనిపించిన ట్యాంకులనే కొట్టాయి. బడి గంట మోగేదాకా ఎవరూ గెలవలేదు.

సైన్యం వేసుకునే ప్రశ్నలు

ఇలాంటి ఆటను ప్రష్యా సైన్యం 1824లోనే అధికారుల శిక్షణకు తీసుకుంది. లెఫ్టినెంట్ రైస్విట్జ్ పటం, దిమ్మలు, పాచికలతో దాన్ని రూపొందించారు. గురి ఎంచుకోవడానికి అమెరికా ప్రత్యేక దళాలు వాడిన ‘కార్వర్’ పద్ధతిలో ఆరు అంశాలుంటాయి. అది ఎంత కీలకం? అక్కడికి చేరగలమా? పోతే ఎంతకాలానికి బాగుచేసుకుంటారు? మన దెబ్బకు పోతుందా? దాని ప్రభావం ఎంతదూరం? దాన్ని గుర్తుపట్టగలమా?

గురి మారితే ఏమవుతుందో 1940 నాటి బ్రిటన్ గగనతల పోరు చెబుతుంది. ఆగస్టులో జర్మనీ విమానాలు రాడార్ కేంద్రాలను, వైమానిక స్థావరాలను కొట్టాయి. సెప్టెంబరు 7న గురి లండన్ మీదికి మళ్లింది. నగరం ఘోరంగా దెబ్బతింది. కానీ స్థావరాలకు తెప్పరిల్లే వ్యవధి దొరికింది.

కారణం చెబితేనే పాచిక

రెండో వారం ఒక నియమం చేర్చాం. పాచిక వేసేముందు ‘ఎందుకంటే’ అంటూ మూడు వాక్యాలు తెలుగులో చెప్పాలి. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, “లారీ చిన్నదే టీచర్, కానీ అది పోతే ట్యాంకులు ఉన్నచోటే ఆగిపోతాయి” అంది. మాటకోసం రెండుసార్లు ఆగింది. మేం అందించలేదు, తనే వెతుక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష, ఫోన్‌లో ఇంగ్లిష్‌గా పెరుగుతున్న పిల్లలకు వాదించే తెలుగు అలవడే చోటు తక్కువ. మాకు ఆట గెలవడంకన్నా అదే ముఖ్యం.

పిల్లలకు యుద్ధం నేర్పుతారా అని ఇద్దరు తల్లులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆసుపత్రికి, ఇళ్లకు వేరే గళ్లు గీశాం. వాటిని గురి చేసుకుంటే ఆట ఓడినట్టే. జెనీవా ఒప్పందాలు ఆసుపత్రులకు, పౌరులకు రక్షణ కల్పిస్తాయని కూడా చెప్పాం. ఏది కొట్టాలన్నదానికన్నా ఏది కొట్టకూడదన్నదాని మీదే ఆ రోజు చర్చ ఎక్కువసేపు సాగింది.

ఇంట్లో ఆడించాలంటే గుప్పెడు చింతగింజలు, నాలుగు అగ్గిపెట్టెలు, ఒక రబ్బరు, ఒక పాచిక చాలు. పిల్లలు తప్పు గురి ఎంచుకున్నా సరిదిద్దకండి. ఎందుకని మాత్రం తెలుగులో అడగండి.