మొదటి స్థానం అమ్మకానికి లేదు
వెబ్‌సైట్ యజమానులు తెలుసుకోవాల్సిన విషయాలు

పోచంపల్లి చీరలు, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు విక్రయించేవారికి సొంత వెబ్‌సైట్ ఉంటే దూరప్రాంతాల కొనుగోలుదారులు నేరుగా చేరువవుతారు. అయితే 'గూగుల్‌లో మొదటి స్థానం ఇప్పిస్తాం' అనేవారికి సొమ్ము చెల్లించే ముందు కొన్ని సందేహాలు తీర్చుకోవడం మేలు.

సొమ్ము కడితే ముందు కనిపిస్తుందా?
రుసుము ప్రకటనలకే వర్తిస్తుంది. సాధారణ ఫలితాల్లో స్థానాన్ని గూగుల్ విక్రయించదు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని ఆ సంస్థే స్పష్టం చేసింది.

సైట్ అసలు కనిపించకపోతే?
గూగుల్ వారి సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవాలి. ఏ పేజీ ఎందుకు చేరలేదో అందులో తెలుస్తుంది. పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్‌నూ అక్కడే సమర్పించవచ్చు.

కీవర్డ్స్ ట్యాగ్ అవసరమా?
ర్యాంకు నిర్ణయంలో దానిని పరిగణించడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. దానికోసం ఖర్చు వృథా.

మరి ఏం చేయాలి?
ప్రతి పేజీకి వేర్వేరు శీర్షిక పెట్టాలి. నూలు రకం, కొలత, ధర వంటి వివరాలను ఫొటోలోనే వదిలేయకుండా అక్షరాల్లో రాయాలి. సెల్‌ఫోన్‌లో పేజీ సక్రమంగా తెరుచుకోవాలి. ర్యాంకు కోసం లింకులు కొనడం నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే సైట్ వెనక్కి పోతుంది.

ఫలితం ఎప్పుడు?
సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుంది.

పని ఎవరికి అప్పగించినా డొమైన్ మాత్రం యజమాని పేరిటే ఉండాలి. లేకుంటే వారితో తెగతెంపులైన రోజున దుకాణం చిరునామాయే చేజారుతుంది.