మూలము, టిప్పణము: తెరమీద బైబిలు పఠనము

నేడు బైబిలు చదువువారిలో అనేకులు పుస్తకమునకు మాఱుగా కంప్యూటరునో సెల్‌ఫోనునో ఆశ్రయించుచున్నారు. 1992లో లోగోస్ అను బైబిలు సాఫ్ట్‌వేరు వెలువడినది. 2000లో ఈ-స్వోర్డ్ అనునది ఉచితముగా లభ్యమయ్యెను. 2008లో యూవెర్షన్ అను యాప్ సెల్‌ఫోనులలోనికి వచ్చెను. పూర్వము బీరువా నిండ నుంచవలసిన గ్రంథసంచయము ఇప్పుడు అరచేతిలో ఇముడుచున్నది. వచనముపై వ్రేలు మోపినంతనే దాని అర్థమును, చరిత్రను, సందర్భమును దెలుపు టిప్పణములు ప్రత్యక్షమగును. ఈ సౌకర్యము గొప్పదే. కాని దీనిని వాడుకొను తెఱగు తెలియనియెడల, చదివితిమను తృప్తి కలుగునే కాని చదువు జరుగదు. ఆ తెఱగును గుఱించి కొన్ని మాటలు మనవి చేసెదను.

మూలము క్రింద వ్యాఖ్య నుంచుకొని చదువుట మనకు క్రొత్త గాదు. కాళిదాసుని కావ్యములను మన పెద్దలు కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యతోడనే చదివిరి. శ్లోకము పెద్ద అక్షరములలో నుండును. వ్యాఖ్య చిన్న అక్షరములలో నుండును. ఏది కవి మాటయో, ఏది వ్యాఖ్యాత మాటయో చూపునకే తెలియును. స్టడీ బైబిలు అనునదియు ఇట్టిదే. పై భాగమున బైబిలు వాక్యము, క్రింద పండితుల వివరణములు, అంచున పోలిక వచనములు, ప్రతి గ్రంథమునకు ముందొక పీఠిక, నడుమ నడుమ దేశపటములు అందుండును.

ఇట్టి టిప్పణములకు గల బలమెట్టిదో చరిత్ర చెప్పుచున్నది. 1560లో జెనీవా నగరమున ముద్రితమైన ఆంగ్ల బైబిలు అంచుల నిండ టిప్పణములుండెను. ఐగుప్తు రాజు మగశిశువులను చంపుడని ఆజ్ఞాపింపగా మంత్రసానులు ఆ యాజ్ఞను పాటింపలేదని నిర్గమకాండము మొదటి యధ్యాయము చెప్పును. వారు రాజాజ్ఞను మీఱుట ధర్మమే యని జెనీవా టిప్పణకారులు వ్రాసిరి. 1604లో హాంప్టన్ కోర్టు సభలో ఇంగ్లండు రాజగు జేమ్సు ఈ టిప్పణమును ప్రత్యేకముగా నెత్తిచూపి ఆక్షేపించెను. వెంటనే తలపెట్టబడి 1611లో వెలువడిన క్రొత్త యనువాదమునకు, హీబ్రూ గ్రీకు పదముల వివరణమునకు దప్ప అంచు టిప్పణములు కూడదని నియమ మేర్పడెను. ఒక రాజును కలవరపఱచినది బైబిలు వాక్యము కాదు. దాని ప్రక్కనున్న నాలుగు మాటలు.

మఱియొక యుదాహరణము. జేమ్సు అషర్ అను మతాచార్యుడు 1650లో ప్రకటించిన గ్రంథమున, సృష్టి క్రీస్తునకు పూర్వము 4004వ సంవత్సరమున జరిగెనని లెక్కించెను. 1701 మొదలు ఆ సంవత్సరపు లెక్కలు ఆంగ్ల బైబిలు అంచులలో ముద్రితమగుచు వచ్చెను. బైబిలులో ఎచ్చటను ఆ సంఖ్య లేదు. అయినను ఆదికాండము మొదటి పుటలోనే అది కన్పట్టుటచే, అనేకులు దానిని గ్రంథము చెప్పిన మాటగానే భావించిరి. 1909లో వెలువడిన స్కోఫీల్డు రెఫరెన్సు బైబిలు మానవచరిత్రను ఏడు యుగములుగా విభజించు పద్ధతిని వచనముల క్రిందనే అచ్చువేసి లక్షలాది జనులలో వ్యాపింపజేసెను. ఒకే పుటలో కూర్చుండుటచే వ్యాఖ్యకు మూలము యొక్క గౌరవము తెలియకయే సంక్రమించును.

ఇక సాఫ్ట్‌వేరులో జరుగునదేమి? అందు బైబిలు పాఠమొక భాండారము, టిప్పణములు మఱియొక భాండారము. ప్రతి టిప్పణమునకును గ్రంథము, అధ్యాయము, వచనము అను మూడింటితో నొక చిరునామా యుండును. మీరొక వచనము తెఱవగా యంత్రము ఆ చిరునామాగల టిప్పణమును వెదకి తెచ్చి, తెర యొక్క రెండవ భాగమున జూపును. పాఠము కదలిన టిప్పణమును కదలును. యంత్రము చేయునది ఇంతమాత్రమే. ఆ టిప్పణము మీ ప్రశ్నకు సమాధానమా కాదా యనునది దానికి తెలియదు.

ఇందువలన కొన్ని చిక్కులు గలవు. మొదటిది, పీఠిక కనబడకపోవుట. ఆ గ్రంథమును ఎవరు, ఎప్పుడు, ఎవరికొఱకు వ్రాసిరో పీఠిక చెప్పును. పుస్తకమున పుటలు త్రిప్పునప్పుడు అది కంటబడక తప్పదు. తెరమీద వెదకి నేరుగా వచనమునకు పోవువారికి అది తటస్థపడదు; దానిని పనిగట్టుకొని తెఱవవలెను. రెండవది, పది వచనములకు గలిపి వ్రాసిన టిప్పణము కొన్ని సాఫ్ట్‌వేరులలో మొదటి వచనమునకే కట్టబడి యుండును. నడిమి వచనముపై నిలిచినవారికి అచ్చట టిప్పణమే లేనట్లు తోచును. కావున ఒకటి రెండు వచనములు వెనుకకు జరిగి చూడవలెను.

మూడవ చిక్కు సంఖ్యలది. వచనములకు ఇప్పుడున్న సంఖ్యలు మూలరచనలతో బుట్టినవి గావు. క్రొత్త నిబంధనకు 1551లో రాబర్టు ఎస్తియెన్ అను ముద్రాపకుడు వీనిని గూర్చెను. హీబ్రూ ప్రతులలో కీర్తనల శీర్షికలకును తఱచు సంఖ్య యుండును. అందుచే ఆంగ్లమున 51వ కీర్తన మొదటి వచనము హీబ్రూలో మూడవ వచనమగును. మలాకీ గ్రంథము హీబ్రూలో మూడధ్యాయములు. మన బైబిలులో నాలుగు. ఒక లెక్కనుబట్టి వ్రాసిన టిప్పణమును మఱొక లెక్కగల పాఠమునకు జతచేసినచో, వివరణ మొకచోటను వచన మొకచోటను బడును. టిప్పణము పొసగనట్లు తోచినప్పుడు వ్యాఖ్యాతను నిందించుటకు ముందు సంఖ్యలను సరిచూచుకొనవలెను. అట్లే అపొస్తలుల కార్యములు ఎనిమిదవ యధ్యాయమున పెక్కు నూతనానువాదములలో 36 తరువాత 38 వచ్చును. అది యంత్రదోషము గాదు. 37వ వచనము ప్రాచీన ప్రతులలో లేమిచే దానిని పాఠమునుండి తొలగించి, టిప్పణమున నుంచిరి. ఇట్టిచోట టిప్పణము చేయు మేలు అపారము. అది లేనిచో పాఠకుడు అకారణముగా కలవరపడును.

ఇప్పుడొక వచనమును చేతబట్టి చూతము. యిర్మీయా 29వ యధ్యాయము 11వ వచనము మిక్కిలి ప్రసిద్ధము. మీకు నేను తలపెట్టినవి హానికరములు గావు, సమాధానకరములు అని దేవుడు పల్కినట్లు అందున్నది. పరీక్షకు పోవు విద్యార్థికి, ఉద్యోగము వెదకువానికి, రోగిశయ్యపై నున్నవానికి ఈ వచనము సెల్‌ఫోనులో వచ్చుచుండును. వచ్చిన వెంటనే టిప్పణము నొక్కకుడు. ముందుగా ఆ యధ్యాయమును మొదటినుండి చదువుడు. అది యెరూషలేమునుండి బబులోనునకు పంపబడిన యుత్తరము. క్రీస్తునకు పూర్వము 597లో చెఱగొనిపోబడినవారికి అది వ్రాయబడెను. ఇండ్లు కట్టుకొనుడు, తోటలు నాటుకొనుడు, పెండ్లిండ్లు చేసికొనుడు, మీరున్న పట్టణపు క్షేమమును కోరుడు అని అందు చెప్పబడినది. పదియవ వచనమున డెబ్బది సంవత్సరముల గడువు పేర్కొనబడినది. అనగా ఆ యుత్తరమును చెవులార విన్నవారిలో పెక్కుమంది తిరిగి స్వదేశమును జూడకయే కన్నుమూయవలసినవారు. ఆ వాగ్దానము వారి బిడ్డలకును మనుమలకును జెందినది.

ఇంతవఱకు ఏ టిప్పణమును లేకయే పాఠమే చెప్పినది. ఇప్పుడు టిప్పణమును తెఱచినచో, అప్పటి బబులోను రాజెవరు, త్వరలోనే తిరిగివత్తుమని చెప్పుచుండిన ప్రవక్తలెవరు, డెబ్బదేండ్ల లెక్కను ఎచ్చటినుండి ఆరంభింపవలెను అను విషయములు తెలియును. ఆ జ్ఞానము నిలుచుటకు మీరు ముందు చదివిన పాఠమే పునాది. ఇట్లు చదివిన రోగికి ఆ వచనమున ఊఱట తగ్గదు. రేపే స్వస్థత గలుగునని మాట యిచ్చుచున్నట్లు మాత్రము దానిని పొరబడడు. అట్లు పొరబడి ఆశాభంగము నొందినవాని దుఃఖము చిన్నది గాదు.

తెలుగు పాఠకులు గమనింపవలసిన దొకటి గలదు. ఈ టిప్పణములలో అధికభాగము ఆంగ్లానువాదముల కొఱకు వ్రాయబడినవి. పై వచనమున ‘మీరు’ అనునది ఒక్కనిని గాక సమూహమును ఉద్దేశించినదని ఆంగ్ల పాఠకునికి టిప్పణము చెప్పవలసి యుండును. ఏలయన, ఆంగ్లమున ఏకవచనమునకును బహువచనమునకును నేడు ఒకే మాట. మన బైబిలులో నీవు, మీరు అను భేదము స్పష్టముగా నున్నందున అది పాఠముననే గోచరించును. అట్లే ఆంగ్లపదమొకదానిపై వ్రాసిన దీర్ఘచర్చ తెలుగు పదమునకు బొత్తిగా వర్తింపకపోవచ్చును. కావున టిప్పణము ఏ యనువాదమున కేర్పడినదో తెలిసికొని, ఆ యనువాదమును ప్రక్కన నుంచుకొని పరిశీలింపవలెను.

అభిప్రాయభేదమునకు తావున్నచోట ఒక్క టిప్పణముతో తృప్తిపడరాదు. ముద్రిత గ్రంథమున ఒకే వ్యాఖ్య యుండును. సాఫ్ట్‌వేరులో రెండు మూడు వ్యాఖ్యలను ప్రక్కప్రక్కన దెఱచుట క్షణము పని. అవి యేకీభవించినచోట కొంత ధైర్యము కలుగును. భేదించినచోట ఆ ప్రశ్న యింకను తీఱలేదని తెలియును. అది తెలియుటయు విద్యయే. ఒక్కొక్క టిప్పణమునకు ‘ఇది పాఠమున నున్నదా, చరిత్రవలన దెలిసినదా, వ్యాఖ్యాత యూహయా’ అని ప్రశ్న వేసికొనుడు. సాఫ్ట్‌వేరులో మీ స్వంత టిప్పణములను వ్రాసికొను వసతియు గలదు. పరుల వ్యాఖ్య తెఱవకముందే మీకు తోచిన యర్థమును, కలిగిన సందేహమును అందు రెండు పంక్తులలో వ్రాయుడు, తేదీ వేయుడు. పిమ్మట వ్యాఖ్యను జదివి, మీ యభిప్రాయము మాఱినచో దానిని కొట్టివేయక క్రింద మఱొక పంక్తి చేర్పుడు. ఏడాది గడచిన తరువాత ఆ పంక్తులు మీ చదువు ఎటు నడచినదో మీకు చూపును.

చాల సాఫ్ట్‌వేరులలో టిప్పణముల భాగమును మూసివేయుటకు వీలు గలదు. మొదటి పఠనమున దానిని మూసియుంచుడు. అధ్యాయము ముగిసిన పిదప తెఱచి చూచుకొనుడు. మరల మూసి, పాఠమును ఇంకొకమాఱు చదువుడు.